ఏటిరాజు కాళ్ళు

ఫిజియోథెరపిస్టు అంటే ఏంటో మా అత్తగారికి చివరిదాకా అర్థం కాలేదు. పక్కింటివాళ్ళు అడిగితే, "మా కోడలు కాళ్ళు పడుతుందండి, దానికి జీతం కూడా ఇస్తారు" అని చెప్పేవారు. మొదట్లో చిన్నతనంగా ఉండేది. ఇన్నేళ్ళు చేసి ఇంట్లో కూర్చున్నాక, నా ఉద్యోగాన్ని అంతకంటే సరిగ్గా చెప్పినవాళ్ళు లేరనిపిస్తోంది. పొద్దున్నుంచి సాయంత్రం దాకా నేను చేసింది అదే. పిల్లల కాళ్ళు పట్టుకుని కూర్చున్నాను.

మా చెల్లెలి మనవరాలు ఈ మధ్య ఈ కోర్సులో చేరింది. "అమ్మమ్మా, నీ అనుభవాలు రాసివ్వవా, మా క్లాసులో చదువుకుంటాం" అంది. సరే అన్నాను గానీ, రాయడానికి కూర్చుంటే పెద్ద ఉత్సాహమేమీ రావడం లేదు. ఎప్పుడు ఏ పోస్టు వచ్చింది, ఎవరు సంతకం పెట్టారు అనేవి మీకెందుకు? ఒక వార్డులో జరిగింది చెబుతాను. నేను నేర్చుకున్న నాలుగు ముక్కలూ చాలావరకు అక్కడే నేర్చుకున్నాను.

కాళ్ళాసుపత్రి

డెబ్బయిల చివర్లో రాజమండ్రి ఊరి బయట, ఒక ట్రస్టు నడిపే పోలియో పిల్లల కేంద్రంలో నాకు ఉద్యోగం వచ్చింది. దానికి పెద్ద పేరే ఉండేది. రిక్షావాళ్ళకి మాత్రం కాళ్ళాసుపత్రి అంటేనే తెలిసేది.

ఇప్పటి మీకు పోలియో పుస్తకంలో ఒక పేజీ. అప్పుడు ఏ ఊరి బస్సు ఆగినా అందులోంచి ఒక తల్లో తండ్రో చంకనెత్తుకునే వయసు దాటిపోయిన పిల్లని చంకనేసుకుని దిగేవారు. "జొరం వచ్చిందండి, తెల్లారేసరికి కాలు జారిపోయిందండి." అందరిదీ ఇదే మాట. కోనసీమ నుంచి వచ్చినా, సముద్రం ఒడ్డు నుంచి వచ్చినా అంతే.

మా పని పడిపోయిన కండరాన్ని లేపడం అనుకుంటారు. జబ్బు వచ్చిన మొదటి ఏడాది, మహా అయితే రెండేళ్ళు, కొంత తిరిగి వస్తుంది. ఆ తర్వాత రానిది ఇక రాదు. మిగిలిన కండరాన్ని గట్టి చెయ్యడం, వంగిపోయిన మోకాళ్ళని కట్లు కట్టి నెమ్మదిగా చాపడం, తర్వాత కాలికి ఇనప ఊచలూ తోలు పట్టీలూ ఉన్న కాలిపరు తొడిగి, చంక కర్రలిచ్చి నిలబెట్టడం. ఇంతే పని. పదిసార్లు కాదు, పదివేల సార్లు చేయించాలి. పిల్లలకి విసుగు. మనకీ విసుగే. ఆ సంగతి కాలేజీలో ఎవరూ చెప్పరు.

సున్నా నుంచి అయిదు

ఒక్కొక్క కండరానికీ మనం ఒక అంకె వేస్తాం. అసలు కదలకపోతే సున్నా. చర్మం కింద చిన్న మెరుపులా అదిరితే ఒకటి. పక్కకి జరిగితే రెండు. కాలి బరువుని తనే పైకి ఎత్తగలిగితే మూడు. అందరిలా ఉంటే అయిదు. నేను పరీక్ష చేస్తూ అంకెలు పైకే అనేదాన్ని, ఆయా రాసుకునేది. అలా పిల్లలందరికీ తమ అంకెలు నోటికి వచ్చేశాయి. "నీ తొడెంత?" "రెండు. నీది?" అని, మార్కులు చెప్పుకున్నట్టు చెప్పుకునేవారు.

ఆ అంకెలు అందరికంటే బాగా వచ్చినవాడు రమణ. తునిలో కిరాణా వ్యాపారం చేసే కోమట్ల పిల్లాడు, పదమూడేళ్ళవాడు. రెండు కాళ్ళూ, నడుమూ కూడా బలహీనం. పుస్తకాలు తెగ చదివేవాడు. మాటలో పెద్దమనిషి తరహా.

ఒకసారి ట్రస్టువాళ్ళు పిల్లల కోసం బుర్రకథ పెట్టించారు. ఏటిరాజు కథ. ఎప్పుడో వందల ఏళ్ళ కిందట పాపికొండల దగ్గర కోట కట్టుకుని ఏలాడని చెప్పుకునే రాజు. వరద గోదావరిని గుర్రం మీదే దాటేవాడట, ఒక్క గెంతులో బురుజు ఎక్కేవాడట. కథకుడు గెంతి చూపించినప్పుడల్లా బల్లల మీద కూర్చున్న నా పిల్లలు చప్పట్లు కొట్టారు. నేను మాత్రం, ఇలాంటి కథ ఇక్కడ చెప్పించాలని ఎవరికి తోచిందా అనుకున్నాను.

మర్నాడు రమణ అడిగాడు. పిల్లలందరికీ నేను టీచరునే. "టీచరు గారూ, ఏటిరాజు తొడ బలం ఎంత ఉంటుందండి?"

"అయిదు. అంతకు పైన అంకె లేదు కదరా."

"మరి అతనికి కూడా జ్వరం వస్తేనండి?"

వరండాలో రాజ్యం

ఆ ప్రశ్న లోంచే ఆట పుట్టింది. మధ్యాహ్నం భోజనాలయ్యాక వరండాలో ఆడేవారు. రమణ కథ చెప్పేవాడు. కానీ బుర్రకథలా వినేసి ఊరుకునేది కాదు. ఒక్కో పిల్లా ఒక్కో మనిషి. ఒకడు మంత్రి, ఒకడు వేగులవాడు, అయిదేళ్ళ బుజ్జిగాడు గుర్రం. ఒక్కొక్కరికీ బలం లెక్క ఉండేది: కాళ్ళు ఇంత, చేతులు ఇంత, మాట ఇంత, ధైర్యం ఇంత, నా అంకెల్లాగే సున్నా నుంచి అయిదు దాకా. "మీకు ఎదురుగా మొసలి వచ్చింది. ఏం చేస్తారు?" అని రమణ అడిగేవాడు. వాళ్ళు ఏం చేస్తారో చెప్పి గవ్వలు వేసేవారు. వెల్లకిలా పడ్డ గవ్వలకి తమ బలం కలిపి లెక్క చూసుకునేవారు. చాలితే గెలుపు, చాలకపోతే మొసలిది గెలుపు.

రాజు మాత్రం బుర్రకథలో రాజు కాదు. ఏట్లో ఉండే మంత్రగత్తె ఊపిరి తగిలి, జ్వరం వచ్చి, రెండు కాళ్ళూ రాయైపోయిన రాజు. కోట శత్రువుల చేతిలో పడింది. కాళ్ళు తిరిగి తెచ్చుకుని బురుజెక్కాలి.

ఆ రాజు వేషం రమణ నూకరత్నానికి ఇచ్చాడు. ఉప్పాడ వైపు నుంచి వచ్చిన పిల్ల, సముద్రంలో చేపల వేటకెళ్ళే దానయ్య కూతురు. పదేళ్ళుంటాయి. కుడి కాలు పూర్తిగా పడిపోయింది, ఎడమది సగం. ఊహ తెలిసినప్పటి నుంచి చేతుల మీదే పాకడం వల్ల భుజాలు మగపిల్లల కంటే గట్టిగా ఉండేవి. గొంతు అంతకంటే గట్టిది.

"ఆడపిల్ల రాజేంటి?" అని మంత్రి గొడవ పెట్టాడు.

"చేతులు అయిదు ఇంకెవరికున్నాయో చెప్పు, వాళ్ళకిస్తాను" అన్నాడు రమణ. ఎవరికీ లేవు.

నాకు ఆ ఆట నచ్చింది. నచ్చడానికి కారణం స్వార్థమే. రమణ ఒక నియమం పెట్టాడు: పొద్దున్న వ్యాయామం ఎగ్గొట్టినవాళ్ళకి మధ్యాహ్నం గవ్వలు లేవు. బతిమాలినా రాని పిల్లలు నాకంటే ముందే హాల్లో తయారుగా ఉండేవారు. నా చాకిరీ సగం తగ్గింది. నూకరత్నం అయితే మరీ. పట్టీ కట్టిన కాలు వంక కళ్ళార్పకుండా చూస్తూ, పళ్ళు బిగించి, చెమటలు కక్కుతూ చేసేది. ఆ కుడి తొడ మీద చెయ్యి వేస్తే నా చేతికి చిన్న అదురు కూడా తగిలేది కాదు.

"టీచరు గారండి, రాజు కాలు ఎప్పుడు మూడవుద్దండి?"

"ముందు మోకాలు చాపుకుందాం" అనేదాన్ని. మా వృత్తిలో ఇలాంటి జవాబులు చాలా ఉన్నాయి. అబద్ధం కాదు, నిజమూ కాదు. అవి మీకూ త్వరలోనే వచ్చేస్తాయి.

రౌండ్సు

మా పెద్ద డాక్టరు సోమయాజులు గారు. ఆయన చేతి పని చూసినవాళ్ళు ఎవరూ ఆయన్ని తక్కువ చేసి మాట్లాడరు. వంకర పాదాన్ని ఆయన సరిచేస్తే పుట్టుకతోనే తిన్నగా ఉందేమో అనిపించేది. కానీ ఆయన మంచం మీద మనిషిని చూసేవారు కాదు, కాలుని చూసేవారు.

ఒక సోమవారం నూకరత్నం మంచం దగ్గర ఆగారు. కట్లతో ఆ పిల్ల మోకాలు పూర్తిగా తిన్నగా అయింది. ఆయన సంతోషించారు. తొడ మీద వేళ్ళు ఆనించి, "ఎత్తమ్మా" అన్నారు. ఆ పిల్ల మొహం ఎర్రబడేలా బిగించింది. ఏమీ కాలేదు.

"ఈ కాలు ఇంక రాదు" అన్నారు నాతో, ఇంగ్లీషులో కాదు, శుభ్రమైన తెలుగులో. "వ్యాయామం వృథా. కాలిపరుకి కొలతలు తీయించండి." పక్క మంచానికి వెళ్ళిపోయారు. పక్క మంచం రమణది.

నూకరత్నం ఏడవలేదు. దుప్పటి తల మీదకి లాక్కుంది. మధ్యాహ్నం అన్నం ముట్టలేదు. కొలతలు తీసుకోవడానికి వచ్చిన వర్క్‌షాపు మనిషిని చేత్తో తోసేసింది. "నాకొద్దు ఆ ఇనుము. ఆ ఇనుమేసుకుని మా ఊరెల్తే కుక్కలెంటపడతాయి" అని అరిచింది.

నేను డాక్టరు గారి గదికి వెళ్ళాను. ఆయనతో నేను గొంతు పెంచి మాట్లాడింది అదొక్కసారే.

"ఆ పిల్ల ముందే అనాలా అండి?"

ఆయన కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టారు. "ఆ తొడ సున్నా అని మీకెప్పటి నుంచి తెలుసు?"

"వచ్చిన రోజే తెలుసండి."

"మరి ఇన్నాళ్ళూ మీరు చెప్పని మాట నేను చెప్పాను. ఎవరో ఒకరు చెప్పాలి కదండీ. కాళ్ళొస్తాయని రాజుల కథలు ఆడించుకుంటూ కూర్చుంటే, కాలిపరు వేసుకోదు. వేసుకోకపోతే మోకాలు మళ్ళీ వంగిపోతుంది. జీవితమంతా పాకుతుంది. అది మీకు దయగా కనిపిస్తోందా?"

బయటికొచ్చి మెట్ల మీద కూర్చున్నాను. ఇప్పటికీ నా అభిప్రాయం ఒకటే. ఆయన చెప్పిన మాట నిజం, చెప్పాల్సిన మాట. కానీ నిలబడి చెప్పారు. అలాంటి మాట కుర్చీ లాక్కుని, ఆ పిల్ల కళ్ళ ఎత్తుకి కూర్చుని చెప్పాలి. చెప్పాక లేచి వెళ్ళిపోకూడదు. నేను ఈ ఉద్యోగంలోకి వచ్చినవాళ్ళందరికీ నేర్పింది ఈ ఒక్క విషయమే. మిగతావి పుస్తకాల్లో ఉన్నాయి.

పడవ

మర్నాడు మధ్యాహ్నం పిల్లలు వరండాలో చేరారు. రాజు చోటు ఖాళీగా ఉంది. నేను గుమ్మం దగ్గర కట్లు చుడుతున్నాను.

"ఏటిరాజు చచ్చిపోయాడు" అన్నాడు రమణ.

గుర్రం ఏడుపు మొదలుపెట్టాడు. "ఎలా చచ్చిపోయాడు? ఎవరు చంపారు?" అన్నాడు మంత్రి.

"ఎవరూ చంపలేదు. కాళ్ళు రావని తెలిసింది. కాళ్ళు రాకపోతే బురుజు ఎక్కలేడు. బురుజు ఎక్కకపోతే ఇంక కథేముంది? అయిపోయింది." వాడు గవ్వలన్నీ పోగుచేసి సంచిలో వేసుకుంటున్నాడు. వేస్తూ వేస్తూ తన కాళ్ళ వంక చూసుకున్నాడు. డాక్టరు గారి మాట పక్క మంచానికి కూడా వినిపించిందని నాకు అప్పుడు తట్టింది.

లోపల్నుంచి చరచరా పాకుతున్న చప్పుడు. నూకరత్నం గుమ్మం దాటుకుని వచ్చేసింది. జుట్టు రేగిపోయి ఉంది.

"ఎవడ్రా సచ్చిపోయాడన్నది?"

"నేనే అన్నాను."

"నా రాజుని సంపడానికి నువ్వెవడివి? గవ్వలెయ్యకుండా ఎలా సత్తాడు?"

రమణకి కోపం వచ్చింది. "సరే, బతికే ఉన్నాడు. ఏం చేస్తాడు? చెప్పు. రాయి కాళ్ళతో కోట ఎలా ఎక్కుతాడు?"

"కోటెందుకెక్కాలి? కోట ఏటొడ్డునే కదా ఉంది. పడవెక్కుతాడు. ఏట్లో అడ్డంగా నిలబెట్టేత్తాడు పడవని. ఆళ్ళకి తిండెలా వత్తాదో సూద్దాం. పడవలో కాళ్ళతో పనేటి? మా నాన్న తెడ్డేసేది సేతుల్తోనే. సేతులు అయిదున్నాయి నాకు."

పిల్లలందరూ ఒక్కసారి రమణ వైపు తిరిగారు. వాడు ఊరుకునే రకం కాదు. లెక్క ప్రకారం పోయేవాడు.

"బాగానే ఉంది. పడవ నీళ్ళలో ఉంటుంది. రాజు ఒడ్డున ఉన్నాడు. మధ్యలో ఇసక. పాకుతూ వెళ్ళే రాజుని చూసి సైన్యం వెనక నడుస్తుందా?"

నూకరత్నం చాలాసేపు ఇసకేదో నిజంగా ఎదురుగా ఉన్నట్టు నేల వంక చూసింది. తర్వాత, "రేపు సెప్తాను" అని వెనక్కి పాకుతూ వెళ్ళిపోయింది.

మర్నాడు పొద్దున్న నేను హాలు తాళం తీసేసరికి గుమ్మంలో కూర్చుని ఉంది.

"ఆ ఇనుమేసుకుంటే ఇసకలో నడవొచ్చాండి?"

కుర్చీ ఏదీ లేదు. నేను కూడా గుమ్మంలో కింద కూర్చున్నాను. "నడవొచ్చు. కష్టం. కర్రలు దిగబడతాయి. కింద వెడల్పు రబ్బరు వేయించాలి. నొప్పి కూడా ఉంటుంది, తోలు ఒరుసుకుంటుంది. కాలు మాత్రం రాదమ్మా. అదెప్పటికీ అంతే."

"తెల్సండి. డాట్టరు గారు సెప్పారుగా." మోచేత్తో ముక్కు తుడుచుకుంది. "కొలతలు తీసుకోమనండి."

ఆ తర్వాత ఆట చాలాకాలం సాగింది. నదిని అడ్డగించడానికే ఎన్నో మధ్యాహ్నాలు పట్టాయి. నేను అన్నీ వినలేదు, నా పని నాకుంది. ఇనప కాళ్ళు తొడుక్కుని ఏటొడ్డున నడిచొచ్చే రాజుని చూసి శత్రువులు దడుచుకున్నారని మాత్రం గుర్రం వచ్చి నాకు చెప్పాడు.

రమణ

ఆ కథ అల్లినవాడికి మాత్రం నేను పెద్దగా ఏమీ చెయ్యలేకపోయాను. వాడికి నడుము దాకా కట్టే కాలిపరు కావాలి, నేర్చుకోవడానికి నెలలు పడుతుంది. కాలిపర్లు తయారై చేతికొచ్చాయో లేదో వాళ్ళ నాన్నగారు వచ్చారు. మర్యాదస్తుడు, పిల్లాడంటే ప్రాణం. "మా వాడికి లెక్కలు బాగా వచ్చండి. కొట్లో గల్లా దగ్గర కూర్చోబెడతాను. ఎందుకండి ఇంత యాతన?" అన్నారు. ఇంకొన్నాళ్ళు ఉంచమని బతిమాలాను. రమణ నా వైపు చూడలేదు. వెళ్ళే ముందు గవ్వల సంచి నూకరత్నానికి ఇచ్చి, "నువ్వే చెప్పుకో" అన్నాడు.

కొన్నాళ్ళకి తుని మీదుగా వెళ్తూ బండి దిగి వాళ్ళ కొట్టుకి వెళ్ళాను. మెత్తటి పరుపు మీద కూర్చుని ఉన్నాడు. లావయ్యాడు. నాకు సోడా తెప్పించాడు. మేం ఇచ్చిన కాలిపర్లు వెనక గోడకి మేకుకి వేలాడుతున్నాయి. తోలు నిగనిగలాడుతోంది. ఒక్క గీత కూడా లేదు.

"కూర్చున్న చోటికే అన్నీ వచ్చేస్తాయండి" అన్నాడు, నేను ఏమీ అడగకుండానే. నవ్వాడు. నేనూ నవ్వాను. ఆ నవ్వుతో రైలెక్కి, అన్నవరం దాకా కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నాను. ప్రేమతో కూర్చోబెట్టేవాళ్ళతో మనం పోట్లాడలేం. ఆ ఓటమికి అలవాటు పడాలి. నేను సరిగ్గా అలవాటు పడలేదు.

కొలతలు

నూకరత్నాన్ని తీసుకెళ్ళడానికి దానయ్య ఒక్కడే వచ్చాడు. కాలిపర్లు చూసి మొహం నల్లబడిపోయింది. "ఇన్నాళ్ళు ఉంచుకుని, ఇనుము తగిలించి పంపుతారాండి? కాళ్ళొత్తాయన్నారు కదండి" అన్నాడు. అనలేదని వాదించవచ్చు. ఆ మనిషి ముందు వాదించబుద్ధి కాలేదు. "నిలబడుతుంది దానయ్యా, చూడు" అన్నాను. ఆ పిల్ల నిలబడింది, నాలుగడుగులు వేసింది. బస్సుకి వేళైపోతోందని అతను కాలిపర్లతో సహా పిల్లని భుజాన వేసుకుని వెళ్ళిపోయాడు. దాని రెండు కర్రలూ అతని రెండో చేతిలో. ఆ పిల్ల అతని వీపు మీద గుద్దుతూనే ఉంది.

ఆ రోజు నేను డాక్టరు గారితో, "ఇంకో జత మేకుకి పోయిందండి" అన్నాను. ఆయన టీ తెప్పించారు.

పిల్లలు ఎదుగుతారు, కాలిపరు ఎదగదు. అందుకని ఏడాదికోసారి తీసుకురమ్మని అందరికీ చెబుతాం. పదిమందికి చెబితే ఇద్దరు వస్తారేమో. వచ్చిన జతల్లో కూడా చాలావాటికి మొదటి రోజు మెరుపు అలాగే ఉంటుంది. పొట్టిగా అయిపోయిందంటారు. తొడిగితే కదా తెలిసేది.

ఏడాది దాటాక, వానాకాలం మొదట్లో, ఒక పొద్దున్న గేటు దగ్గర చంక కర్రల చప్పుడు. నూకరత్నం. జానెడు పొడుగు పెరిగింది. వెనక దానయ్య ఖాళీ చేతులతో నడుస్తున్నాడు, తొందరేమీ లేనట్టు.

"పొట్టైపోయినియ్యండి. నడుత్తుంటే పిక్క కోసేత్తంది" అంది లోపలికి వస్తూనే.

దానయ్య తలుపు దగ్గరే నిలబడి, "పొద్దున్నే ఒడ్డుకొచ్చేత్తదండి, మా పడవ రాకముందే. చేపలు కొనే పాటదారులతో బేరం ఇదే ఆడతంది. ఎవర్నీ మాటాడనివ్వదు" అన్నాడు. ఫిర్యాదు చేస్తున్నట్టు అన్నాడు గానీ గొంతులో ఫిర్యాదు లేదు.

బల్ల మీద కూర్చోబెట్టి కాలిపరు విప్పాను. తోలు అరిగి దారాలు తేలిపోయాయి. ఒక పట్టీ తెగితే వలతాడుతో కుట్టారు. ఇనుముకి ఉప్పు పట్టి తుప్పెక్కింది. మోకాలి దగ్గర కీలు మడతపడనని మొరాయించింది. అటూ ఇటూ తిప్పి, తలకిందులు చేసి, బల్ల అంచుకి తట్టాను.

కీలులోంచి, తోలు మడతల్లోంచి ఇసక రాలింది. గుప్పెడు.

ఈ జత చూడటానికి డాక్టరు గారిని పిలవమని ఆయాని పంపాను.